స్టెరిలైజర్ పని చేసిందని ఎలా తెలుస్తుంది?



మిరప కోతల కాలంలో ఆపరేషన్‌కు వచ్చే ప్రతి రోగి వెనుక ఒక లెక్క ఉంటుంది. రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవారి కూలి కూడా పోతుంది. ఆటో ఖర్చు, తిండి ఖర్చు, ఇంటి దగ్గర పిల్లలను ఎవరికో అప్పగించి రావడం. ఇన్ని సర్దుకొని నల్లపాడు వచ్చినవారితో "ఈ పూట ఆపరేషన్ లేదు, రేపు చేస్తాము" అని చెప్పవలసి వస్తే వారికి బాధ, కోపం రావడం సహజమే. కారణం అడిగితే "ఆటోక్లేవ్ పరీక్ష సరిగా రాలేదు" అని సిస్టరు చెబుతుంది. "మిషను తిరుగుతూనే ఉంది గదమ్మా, ఆవిరి వస్తూనే ఉంది గదా, మళ్ళీ పరీక్ష ఏమిటి?" అన్నది వెంటనే వచ్చే ప్రశ్న.

ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఈ సంచికలో దానికి వివరంగా జవాబు చెప్పదలచాము. ఒక్క మాటలో చెప్పాలంటే, మిషను తిరగడం వేరు, పని జరగడం వేరు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టుకొని చూస్తాము. కత్తెర మీద సూక్ష్మజీవి చచ్చిందో లేదో పట్టుకొని చూడలేము. శుభ్రంగా తళతళలాడే కత్తెర, ప్రాణం తీసే కత్తెర కంటికి ఒకేలా కనబడతాయి. కాబట్టి పరీక్ష తప్ప వేరే మార్గం లేదు.

మొండి విత్తనాలు

సూక్ష్మజీవులన్నీ ఒకే రకం కావు. చాలా వాటిని సబ్బు, ఎండ, మరుగునీళ్ళు చంపుతాయి. కాని కొన్ని జాతులు కష్టకాలం వచ్చినప్పుడు తమ చుట్టూ గట్టి కవచం కట్టుకొని నిద్రపోతాయి. వీటిని స్పోరులు అంటారు. నీరు, తిండి లేకపోయినా ఏళ్ళ తరబడి బ్రతికి ఉంటాయి. వాన పడగానే మొలకెత్తే విత్తనం లాగా, అనుకూలమైన చోటు దొరకగానే మళ్ళీ లేస్తాయి.

ధనుర్వాతం కలిగించే క్రిమి ఇటువంటిదే. పశువుల పేడలోను, పేడ ఎరువు వేసిన మట్టిలోను దాని స్పోరులు ఉంటాయి. పత్తి చేలలో, మిరప తోటలలో పని చేసే మన ప్రజల కాళ్ళకు, చేతులకు ఆ మట్టి అంటని రోజు ఉండదు. గాయాన్ని కుళ్ళబెట్టి కండను గాలి బుడగలతో ఉబ్బించే గ్యాస్ గాంగ్రీన్ క్రిమి కూడా మట్టిలోనే ఉంటుంది. చర్మం మీద ఉన్నంతవరకు ఇవి ఏమీ చేయవు. గాలి అందని లోతైన గాయం దొరికితే మాత్రం విషం పుట్టిస్తాయి. ఆపరేషన్ అంటే లోతైన గాయమే. మంచికోసం చేసే గాయమైనా క్రిమికి ఆ తేడా తెలియదు.

సూక్ష్మజీవులను చాలావరకు తగ్గించడాన్ని డిస్‌ఇన్‌ఫెక్షన్ అంటారు. స్పోరులతో సహా సమస్తమును నిర్మూలించడాన్ని స్టెరిలైజేషన్ అంటారు. వస్తువు మీద ఒక్క క్రిమి బ్రతికి ఉండే అవకాశం పది లక్షలలో ఒకటికి మించకూడదన్నది ప్రపంచమంతటా పాటించే కొలబద్ద.

మరిగిస్తే చాలదా?

పూర్వం మన ఊళ్ళలో గాజు సిరంజీలను, సూదులను గిన్నెలో మరిగించి వాడేవారు. నీరు మరిగేది 100 డిగ్రీల దగ్గర. మంట ఎంత పెంచినా మూత లేని గిన్నెలో నీటి వేడి 100 దాటదు. ఆ వేడికి మామూలు క్రిములు చస్తాయి గాని స్పోరులన్నీ చావవు. గంటసేపు మరిగినా కొన్ని జాతుల స్పోరులు బ్రతికే ఉంటాయి.

దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. ఇడ్లీ పాత్రలో ఆవిరి బయటకు పోతూ ఉంటుంది, వేడి 100 దగ్గరే ఆగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఆవిరిని బంధిస్తాము. ఒత్తిడి 15 పౌండ్లకు చేరినప్పుడు లోపలి వేడి 121 డిగ్రీలవుతుంది. అందుకే ఇడ్లీ పాత్రలో పొద్దంతా ఉడకని కందిపప్పు కుక్కర్‌లో నాలుగు విజిల్స్‌కు మెత్తబడుతుంది. ఆసుపత్రిలోని ఆటోక్లేవ్ పెద్ద ప్రెషర్ కుక్కరే. సాధారణ ఆటోక్లేవ్‌లో గుడ్డ చుట్టిన మూటలను 121 డిగ్రీల వద్ద 30 నిమిషాలు ఉంచుతాము. లోపలి గాలిని పంపుతో లాగివేసే వాక్యూమ్ రకంలో 134 డిగ్రీల వద్ద 3, 4 నిమిషాలు చాలు.

వేడిగాలి పెట్టెలో అయితే 160 డిగ్రీల వద్ద 2 గంటలు కావాలి. ఆవిరికి అంత బలం ఎక్కడిది? ఆవిరి చల్లని వస్తువును తాకి నీరుగా మారేటప్పుడు, తనలో దాచుకొన్న వేడినంతా ఆ వస్తువు మీద కుమ్మరిస్తుంది. పొయ్యి పక్కన వేడిగాలికి చేయి పెట్టినా ఓర్చుకోగలం గాని, కుక్కర్ ఆవిరి తగిలితే బొబ్బ లేస్తుంది. క్రిములకూ అంతే.

ఈ ఆటోక్లేవ్‌ను 1879లో పారిస్‌లో లూయీ పాశ్చర్ సహచరుడైన చార్లెస్ ఛాంబర్‌లాండ్ తయారు చేశాడు. అదే 1879లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక యువతి వైద్యవిద్య ముగించింది. ఆమే డాక్టర్ అన్నా సారా కుగ్లర్. 1883లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చి, 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో మరణించే వరకు ఈ గడ్డ మీదనే సేవ చేశారు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అని అందరూ పిలిచేది ఆమె స్థాపించినదే. పురిటి మంచం మీద తల్లి, బొడ్డు దగ్గర బిడ్డ ధనుర్వాతానికి బలి కావడం సాధారణంగా ఉన్న రోజులవి. భారతదేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం నిర్మూలనకు వచ్చినట్లు 2015లో ప్రకటించారు. ఇంత దూరం రావడానికి టీకాలతో పాటు శుభ్రమైన చేతులు, శుభ్రమైన బ్లేడు, ఆసుపత్రి కాన్పు తోడ్పడ్డాయి.

అసలు శత్రువు గాలి

కుక్కర్ మీద వెయిట్ వెంటనే పెట్టకుండా, ఆవిరి ధారగా వచ్చేవరకు ఆగి పెట్టాలని మన అమ్మలు నేర్పుతారు. ఎందుకు ఆగాలి? లోపల ఉన్న గాలి ముందు బయటకు పోవాలి. ఆటోక్లేవ్‌లో ఈ చిన్న సంగతి మీదనే రోగి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

గాలి పూర్తిగా పోయి ఆవిరి మాత్రమే ఉంటే, 15 పౌండ్ల ఒత్తిడి వద్ద వేడి 121 డిగ్రీలుంటుంది. సగం గాలి మిగిలిపోతే, అదే 15 పౌండ్ల వద్ద వేడి 112 డిగ్రీలే. గాలి ఏమీ పోకపోతే 100 డిగ్రీలే. మూడు సందర్భాలలోను ఒత్తిడి ముల్లు 15 మీదనే నిలబడుతుంది! ముల్లు అబద్ధం చెప్పడం లేదు. అది చూపేది ఒత్తిడిని మాత్రమే. ఆ ఒత్తిడి ఆవిరిదో గాలిదో దానికి తెలియదు. పైగా గాలి ఆవిరికంటే బరువు గనుక అడుగుకు దిగుతుంది, మూటల మధ్య చిక్కుకొంటుంది. పైఅరలోని మూట స్టెరిలైజ్ అవుతుంది, కింది అరలోనిది కాదు. రెండూ ఒకే మిషనులోనుండి, ఒకే సమయానికి, ఒకే వేడితో బయటకు వస్తాయి.

ఇది పుస్తకంలో భయం మాత్రమే కాదు. ఇంగ్లాండులో ప్లిమత్ పట్టణంలోని డెవన్‌పోర్ట్ ఆసుపత్రిలో 1972లో డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కించిన రోగులు ఉన్నట్టుండి విషమ స్థితికి వెళ్ళారు. ఐదుగురి మరణాలకు ఆ సీసాలతో సంబంధం ఉండవచ్చని తేలింది. ఆ సీసాలు 1971 ఏప్రిల్‌లో ఒక కర్మాగారపు ఆటోక్లేవ్‌లో స్టెరిలైజ్ అయినవి. విచారణ చేసిన క్లోథియర్ కమిటీ కారణాన్ని బయటపెట్టింది. ఆటోక్లేవ్ అడుగున గాలి బయటకు పోయే దారిలో చెత్త అడ్డుపడింది. గాలి అడుగునే నిలిచిపోయింది. కింది వరుసల సీసాలకు తగిన వేడి అందలేదు. అన్నిటికంటె ఆలోచింపజేసేది మరొకటుంది. వేడి సరిపోలేదని అక్కడి రికార్డింగ్ థర్మామీటరు చూపించింది. అది చెడిపోయిందిలే అనుకొని పనివారు పట్టించుకోలేదు, వేరే ముల్లును నమ్మారు. ఆ తరువాత పరీక్షకు తీసిన సీసాలు పై వరుసలలోనివి, అవి బాగానే ఉన్నాయి.

మన హైదరాబాదులో 2016 జూన్ చివరిలో సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో కాటరాక్ట్ ఆపరేషన్ అయిన 13 మందికి కళ్ళలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కొందరు చూపు పోగొట్టుకొన్నారు. కన్ను కడగడానికి వాడిన ద్రవంలోనే క్రిములున్నట్లు పరీక్షల్లో బయటపడింది. సీసా మీద స్టెరైల్ అని అచ్చు వేసినంత మాత్రాన లోపల స్టెరైల్ అయిపోదని ఈ రెండు సంగతులూ మనకు నేర్పుతున్నాయి.

ముందు కడగాలి, తరువాత సర్దాలి

ఆటోక్లేవ్ మురికిని శుభ్రం చేయదు. ఎండిన రక్తం, కొవ్వు, చీము కత్తెర కీలులో ఉండిపోతే, ఆ పొర కింద క్రిమికి ఇల్లు కట్టిపెట్టినట్లే. ఆవిరి దానిని తాకలేదు. అందుకే పరికరము వాడిన వెంటనే, రక్తం ఎండకముందే, కీళ్ళు విప్పి, సబ్బు ద్రవంలో నీటి అడుగున ఉంచి బ్రష్‌తో రుద్దాలి. గొట్టాలలోకి సన్నని బ్రష్ దూర్చాలి. మంచినీటితో కడిగి, ఆరబెట్టి, వెలుతురులో పెట్టి చూడాలి. కడగనిది స్టెరిలైజ్ కాదు అన్నది ఈ గదిలో మొదటి సూత్రము.

తరువాత సర్దడం. కత్తెరలు, ఫోర్సెప్స్ నోరు తెరిచి ఉండాలి. గిన్నెలు బోర్లించినట్లుగాను, పక్కకు వాల్చిగాను ఉండాలి. వెల్లకిల పెడితే అందులో గాలి నిలుస్తుంది. మూటలను బస్సులో జనాన్ని కుక్కినట్లు కుక్కకూడదు. మధ్యలో చేయి దూరేంత ఖాళీ ఉండాలి. డ్రమ్ములు వాడే చోట లోపల పెట్టేముందు పక్క రంధ్రాలు తెరవాలి, బయటకు తీయగానే మూయాలి. రంధ్రాలు తెరవని డ్రమ్ము ఆటోక్లేవ్‌లో గంట ఉన్నా లోపల గుడ్డ వేడెక్కి ఊరుకుంటుంది, స్టెరిలైజ్ కాదు.

బయటకు వచ్చిన మూట తడిగా ఉంటే దానిని స్టెరైల్ కానిదిగానే లెక్కించాలి. తడిగుడ్డలోనుండి బయటి క్రిములు లోపలికి ఇంకుతాయి. చిరిగినది, నేల మీద పడినది కూడా అంతే. మళ్ళీ మొదటినుండి చేయాలి.

ముగ్గురు సాక్షులు

ఒక్కని సాక్ష్యం మీద ఎవరికీ తీర్పు తీర్చవద్దని, ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని మోషే ధర్మశాస్త్రము ఆదేశిస్తుంది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో దీనిని చూడగలము. స్టెరిలైజేషన్ గదిలోను అదే న్యాయం. ముగ్గురు సాక్షులను అడుగుతాము.

మొదటి సాక్షి మిషను. ప్రతి లోడుకు ఒత్తిడి, వేడి, సమయం మూడూ రిజిస్టర్‌లో వ్రాయాలి. లోపలి వేడి 121కి చేరిన తరువాతనే గడియారం లెక్క మొదలవుతుంది, స్విచ్ వేసినప్పటినుండి కాదు. మధ్యలో వేడి పడిపోతే లెక్క మళ్ళీ సున్న నుండే.

రెండవ సాక్షి రంగు మారే కాగితం. మూట మీద అంటించే టేపు గీతలు నల్లబడడం చాలామంది చూసే ఉంటారు. కాని ఆ టేపు చెప్పేది ఒక్కటే: ఈ మూట మిషనులోనికి వెళ్ళి వచ్చింది అని. స్టెరిలైజ్ అయ్యిందని కాదు. వెళ్ళినదానిని, వెళ్ళనిదానిని కలిపివేయకుండా అది కాపాడుతుంది. మూట లోపల, నడిమధ్యలో పెట్టే పట్టీ ఇంకా నమ్మదగినది. వేడి, సమయం, ఆవిరి మూడూ అక్కడివరకు చేరితేనే దాని గుర్తు పూర్తిగా మారుతుంది. థియేటర్‌లో మూట విప్పగానే సిస్టరు మొదట చూసేది ఆ పట్టీనే. మారకపోతే ఆ మూట పక్కకు పోతుంది.

మూడవ సాక్షి బ్రతికి ఉన్న క్రిమి. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే జాతి స్పోరులు తడివేడికి అన్నిటికంటె మొండివి, అయితే మనుషులకు జబ్బు చేయవు. చిన్న సీసాలో లక్ష నుండి పది లక్షల వరకు ఈ స్పోరులను పెట్టి అమ్ముతారు. ఆ సీసాను ఆటోక్లేవ్‌లో ఆవిరికి అన్నిటికంటె కష్టమైన చోట, అంటే అడుగున గాలి బయటకు పోయే రంధ్రం దగ్గర, నిండు లోడు మధ్యలో పెడతాము. లోడు అయ్యాక తీసి 55 నుండి 60 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతాము. స్పోరులు బ్రతికి ఉంటే 24 నుండి 48 గంటలలో ఊదారంగు ద్రవం పసుపు అవుతుంది. చచ్చి ఉంటే ఊదాగానే ఉంటుంది. కొన్ని గంటలలోనే ఫలితం చెప్పే కొత్త రకాలు కూడా వచ్చాయి.

దీని పక్కన అదే బ్యాచికి చెందిన మరొక సీసాను ఆటోక్లేవ్‌లో పెట్టకుండా వెచ్చదనంలో ఉంచుతాము. అది తప్పక పసుపు కావాలి. కాకపోతే ఆ బ్యాచిలోని స్పోరులు ముందే చచ్చి ఉన్నాయన్నమాట, అప్పుడు మన పరీక్షకు విలువ లేదు. మొలకెత్తని విత్తనాన్ని వేసి, కలుపు మందు బాగా పని చేసిందని చెప్పుకోలేము గదా!

ఈ స్పోరు పరీక్ష వారానికి ఒకసారైనా జరగాలి. ఎముకలో ప్లేటు, కీలు వంటివి శరీరంలో వదిలివేసే ఆపరేషన్లకైతే ప్రతి లోడుకు చేయాలి. మిషను మరమ్మతు అయిన తరువాత కూడా చేయాలి.

వాక్యూమ్ రకం ఆటోక్లేవ్‌కు ఇంకొక పరీక్ష ఉంది. దానిని బౌవీ-డిక్ పరీక్ష అంటారు. 1963లో వెలుగులోకి వచ్చింది. ప్రతిరోజు మొదటి లోడుకు ముందు, ఖాళీ మిషనులో ఒక్క గుడ్డల మూటను మాత్రమే పెడతారు. మూట నడుమ రంగు మారే కాగితం ఉంటుంది. 134 డిగ్రీల వద్ద మూడున్నర నిమిషాల తరువాత కాగితమంతా ఒకే రంగులోనికి మారితే గాలి బాగా పోయినట్లు. నడుమ లేతమచ్చ మిగిలితే అక్కడ గాలి బుడగ నిలిచిందని అర్థం. ఆ రోజు ఆ మిషనును వాడరు.

సాక్షి కాదంటే?

ఇక అసలు విషయానికి వద్దాము. స్పోరు సీసా పసుపు అయ్యింది. ఏమి చేయాలి? "సీసా పాతదేమో, ఇంక్యుబేటర్‌లో ఏదో తేడా వచ్చిందేమో" అని అనుకోవాలనిపిస్తుంది. థియేటర్ బయట పేషెంట్లు వేచి ఉన్నారు, డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు. డెవన్‌పోర్ట్ సీసాల విషయంలో జరిగింది సరిగ్గా ఇదే, చెడు చెప్పిన సాక్షిని చెడిపోయిన సాక్షి అన్నారు.

మేము పాటించే వరుస ఇది. ఆ మిషనును వెంటనే ఆపుతాము. చివరిసారి పరీక్ష బాగా వచ్చినప్పటినుండి ఆ మిషనులో నుండి వచ్చిన మూటలన్నిటిని వార్డులనుండి, థియేటర్‌నుండి వెనుకకు తెప్పిస్తాము. మూట మీద తేదీ, లోడు నంబరు వ్రాసేది ఇందుకే. కడగడం, సర్దడం, వాల్వులు, రబ్బరు, అడుగు జల్లెడ అన్నిటిని వరుసగా చూస్తాము. మళ్ళీ పరీక్ష పెడతాము. వేరే మంచి ఆటోక్లేవ్‌లో చేసినవి చేతికందితే తప్ప, ఆగడానికి వీలున్న ఆపరేషన్లను ఆపుతాము. ప్రాణాపాయంలో ఉన్నవారి సంగతి డాక్టర్లు వేరుగా నిర్ణయిస్తారు. ఆ మూటలు ఈపాటికే ఎవరికైనా వాడి ఉంటే, వారి పేర్లు రిజిస్టర్‌లో చూసి, వారిని జాగ్రత్తగా గమనిస్తాము.

కూలి పోయిన ఒక్క రోజు నష్టమే. కాని గాయానికి చీము పడితే నెల రోజులు మంచం మీద ఉండవలసి వస్తుంది. ఆ నెలలో మిరప కోత అయిపోతుంది, అప్పు పెరుగుతుంది, ఒక్కోసారి మనిషే దక్కడు. రెండు నష్టాలలో చిన్నదానిని ఎంచుకొంటున్నామని దయతో గ్రహించండి.

ఆవిరికి తట్టుకోలేని పరికరాలు

నిప్పుకు తాళగలిగిన వాటిని నిప్పుతోను, తాళలేని వాటిని నీటితోను శుద్ధి చేయాలన్న క్రమము సంఖ్యాకాండము 31వ అధ్యాయములో కనబడుతుంది. అది ఆచార శుద్ధికి చెప్పినదే అయినా, వస్తువును బట్టి పద్ధతి అన్న తలంపు నేటికీ వర్తిస్తుంది. కొన్ని లాపరోస్కోపుల కటకాలు ఆవిరికి పాడవుతాయి. వాటిని 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రవంలో ముంచుతారు. 20 నిమిషాలు ముంచితే మామూలు క్రిములు చస్తాయి. స్పోరులు కూడా చావాలంటే 10 గంటలు కావాలి. ద్రవాన్ని ఎన్ని రోజులు వాడవచ్చునో డబ్బా మీద ఉంటుంది, కాని వాడేకొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి రోజూ పట్టీతో పరీక్షించాలి. బయటకు తీసినదానిని స్టెరైల్ నీటితోనే కడగాలి. కుళాయి నీటిని కాచి చల్లార్చి కడిగిన చోట్ల, వారాల తరువాత ఆపరేషన్ రంధ్రం దగ్గర గడ్డలు లేచి చీము కారడం మన దేశంలోని డాక్టర్లు ఎందరో చూశారు. కుళాయి నీటిలో బ్రతికే ఒక రకం మైకోబాక్టీరియా దీనికి కారణం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాము. ఒక్క లాపరోస్కోపుతో 30 మందికి ఆపరేషన్ చేయాలంటే, ప్రతిసారి 20 నిమిషాల చొప్పున నానబెట్టడానికే 10 గంటలు పడుతుంది. కడగడం, ఆపరేషన్ సమయం వేరు. తొందర ఎక్కడ జొరబడుతుందో ఈ లెక్కే చెబుతుంది. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 2022 ఆగస్టు 25న 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. కొద్ది రోజులలోనే నలుగురు చనిపోయారు. ఇన్‌ఫెక్షనే కారణమని ప్రభుత్వ విచారణ తేల్చింది. ఆ నలుగురూ చిన్న పిల్లల తల్లులు. ఏ జబ్బూ లేకుండా నడిచి వచ్చినవారు.

మన నేల, మన ఎండ, మన కరెంటు

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో చాలా చోట్ల బోరు నీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. టీ గిన్నె అడుగున తెల్లని పొర కట్టడం ప్రతి ఇల్లాలికి తెలుసు. ఆ పొరే ఆటోక్లేవ్ హీటర్ మీద, వాల్వులలో పేరుకొంటుంది. గాలి పోయే దారి సన్నబడుతుంది. అందుకే ఆటోక్లేవ్‌లో బోరు నీరు పోయము, శుద్ధి చేసిన నీటినే పోస్తాము. అడుగు జల్లెడను ప్రతిరోజు తీసి కడుగుతాము. గుడ్డల నూలు, దుమ్ము చేరేది అక్కడే.

కరెంటు సంగతి చెప్పనక్కరలేదు. 30 నిమిషాలలో 25వ నిమిషంలో కరెంటు పోయి వేడి పడిపోతే, మిగిలినవి 5 నిమిషాలు కాదు, మళ్ళీ 30.

వేసవి ఎండ వలన ఇంకొక ఇబ్బంది ఉంది. ఎండలో గలగలలాడేలా ఎండిన గుడ్డలను వెంటనే మూట కట్టి ఆటోక్లేవ్‌లో పెడితే, ఆ గుడ్డ ఆవిరిలోని తడిని ఆబగా పీల్చుకొని వేడెక్కిపోతుంది. చుట్టూ తడి ఆవిరి బదులు పొడి ఆవిరి మిగులుతుంది. పొడి ఆవిరి వేడిగాలి లాంటిదే, అంత త్వరగా క్రిములను చంపలేదు. గుడ్డ కూడా మాడుతుంది. కాబట్టి ఉతికి ఆరిన గుడ్డలను నీడలో, గదిలో కొంతసేపు ఉంచిన తరువాతనే మూట కడతారు.

మీరు చేయగలిగినవి

ఇది ఆసుపత్రి వారి పని మాత్రమే అనుకోవద్దు. మీరు అడిగే ప్రశ్న కూడా ఒక సాక్షియే.

ఇంజెక్షన్ చేసేముందు సిరంజి, సూది కొత్త కవరులోనుండి మీ కళ్ళెదుట తీయాలని అడగండి. ఊరిలో ఆర్.ఎం.పి. దగ్గరైనా, పెద్ద ఆసుపత్రిలోనైనా ఇదే మాట. ప్లాస్టిక్ సిరంజిని కాచి మళ్ళీ వాడడం ఎంతమాత్రము కూడదు. గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో 2009లో వాడిన సిరంజీలనే మళ్ళీ వాడడం వలన హెపటైటిస్ బి వ్యాపించి ఎందరో చనిపోయారు.

గాయానికి కుట్లు వేసేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు, పన్ను తీయించుకొనేటప్పుడు "ఇవి ఆటోక్లేవ్ చేసినవేనా అండీ?" అని మర్యాదగా అడగండి. మంచి సిస్టరు నొచ్చుకోదు, మూట మీది టేపును, తేదీని చూపిస్తుంది. క్షౌరశాలలో కొత్త బ్లేడు వేయమనండి. చెవులు కుట్టించేటప్పుడు, పచ్చబొట్టు పొడిపించుకొనేటప్పుడు కొత్త సూదినే వాడమనండి. గర్భిణులు టి.డి. టీకా తప్పక వేయించుకోవాలి, కాన్పుకు ఆసుపత్రికే రావాలి. పొలంలో గాయమైతే దాని మీద పేడ, మట్టి, కాఫీ పొడి వేయకుండా సబ్బుతో కడిగి వెంటనే రండి.

ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళాక గాయం ఎర్రబడినా, వాచినా, చీము కారినా, జ్వరం వచ్చినా దాచకండి, ఇంటి వైద్యం చేయకండి. మాకు తెలిస్తేనే ఎక్కడ లోపముందో వెదకగలుగుతాము.

చివరిగా ఒక మనవి. డాక్టరుగారికి, సిస్టరుకు కృతజ్ఞత చెప్పనివారు ఉండరు. కాని వెనుక గదిలో ఆవిరి వేడిలో చెమటలు కక్కుతూ కత్తెరలు రుద్దేవారిని, రిజిస్టర్‌లో అంకెలు వ్రాసేవారిని, స్పోరు సీసా రంగు చూసి "ఈ రోజు వద్దు సార్" అని ధైర్యంగా చెప్పేవారిని రోగులెవరూ చూడరు. చిన్న పనిలో నమ్మకముగా ఉండడమంటే ఏమిటో వారిని చూసి నేర్చుకోవచ్చును. వారిని మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకోండి. వారు కాదన్న రోజున కోపగించుకోకండి.